గుమ్మం దగ్గరి వెలుతురు

(హైదరాబాదులో ఒక ఆదివారం సాయంత్రం చిత్రకళ విద్యార్థుల ముందు ఒక చిత్రకారిణి చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని అక్షరాలలో పెట్టాము.)

అందరికీ నమస్కారం. సెలవు రోజున ఇంతమంది వచ్చినందుకు చాలా సంతోషంగా ఉంది. నగరంలో ఉంటూ బొమ్మలు వేసుకొనే మనిషికి రోజువారీ బతుకులో సాంకేతికత ఎక్కడెక్కడ ఎదురవుతుందో, దాని గురించి ఏమి ఆలోచిస్తారో చెప్పమని నన్ను అడిగారు. అది చాలా పెద్ద బట్ట. అందులోంచి నేను ఒక్క పోగు మాత్రమే లాగుతాను. ఆ పోగు రంగు. రంగును కన్ను ఎలా చూస్తుంది, వీధి దీపం ఎలా చూపిస్తుంది, చేతిలోని ఫోను ఎలా పట్టుకుంటుంది, ఈ సాయంత్రం నా మాటలన్నీ వీటి చుట్టూనే ఉంటాయి. ఈ బల్ల మీద మూడు గుడ్డముక్కలు పెట్టాను, చూశారా? ముందు వరుసలో ఉన్నవారికి బాగా కనిపిస్తూ ఉండాలి. వాటిలో రెండు ఒకే రంగువి, మూడోది వేరు. ఒకే రంగేనా? మరొక్కసారి చూడండి. అవును, ఒకే రంగు. వాటి సంగతి చివర చూద్దాం, అప్పటిదాకా అక్కడే ఉండనివ్వండి.

మా అమ్మతో మొదలుపెడతాను. పత్తర్‌గట్టీలో చీర కొనడానికి వెళ్ళినప్పుడల్లా అమ్మ నన్ను వెంట తీసుకెళ్ళేది. మమ్మల్ని పరుపు మీద కూర్చోబెట్టి, దుకాణాయన ఒక్కొక్క మడతను విప్పి ముందు పరిచేవాడు. ఉల్లిపొర రంగు, నెమలికంఠం రంగు, కనకాంబరం రంగు, నేరేడుపండు రంగు, ఇలా పేర్లు చెబుతూ పోయేవాడు. అమ్మ నచ్చినదానిని పక్కకు పెట్టించేది, బేరమాడేది, బేరం కుదిరేది. అంతా అయిపోయిందనుకొని నేను చెప్పులు వేసుకొనేదాన్ని. అప్పుడు అమ్మ ఆ చీర మడతను రెండు చేతులతో ఎత్తుకొని గుమ్మం దగ్గరికి నడిచేది. పూర్తిగా ఎండలోకి వెళ్ళేది కాదు, లోపల ఉండేది కాదు, సరిగ్గా గుమ్మం మీద నిలబడి కొంగు కొసను వెలుతురుకు పట్టి చూసేది. దుకాణాయన కొంచెం నొచ్చుకొని, "లోపల ఇన్ని లైట్లు పెట్టాం కదమ్మా" అనేవాడు. "అందుకేనయ్యా. లోపల కనిపించేది మీ లైట్ల రంగు, చీర రంగు బయట ఉంది" అనేది అమ్మ.

మీలో మ్యాచింగ్ సెంటర్‌కు ఎప్పుడూ వెళ్ళనివారు ఎవరైనా ఉన్నారా? చేతులెత్తండి. ఇద్దరు. ముగ్గురు. సరే, మీ కోసం చెబుతాను. చీర పట్టుకొని వెళితే ఆ చీరకు సరిపోయే జాకెట్టు గుడ్డ ఇచ్చే దుకాణం అది. గోడ నిండా తానులు, ఒక్క ఎరుపులోనే పాతిక ఛాయలు. అక్కడ పనిచేసేవారు చీర వైపు ఒక్కసారి చూసి, వెనక్కి తిరిగి, సరైన తాను తీసి పక్కన పెడతారు. అతుకు కనిపించనంతగా కలిసిపోతుంది. ఇంటికి వచ్చి, మర్నాడు పొద్దున ఎండలో చూస్తే చీర ఒక దారి, జాకెట్టు ఒక దారి. ఎవరి పొరపాటు ఇది? దుకాణంలో మనిషిదా? మన కళ్ళదా? రాత్రికి రాత్రి గుడ్డ రంగు మారిందా?

ఎవరూ పొరపాటు చేయలేదు. వెలుతురు అంటే ఒకే వస్తువు కాదు. ఎరుపు కొసన సుమారు 700 నానోమీటర్ల పొడవు (మీటరులో వంద కోట్లవ వంతు ఒక నానోమీటరు) నుంచి ఊదా కొసన సుమారు 400 నానోమీటర్ల దాకా ఉన్న ఎన్నో తరంగాల కలగలుపు అది. గుడ్డ మీద పడినప్పుడు గుడ్డకు పట్టిన అద్దకం కొన్ని తరంగాలను మింగి, కొన్నింటిని తిప్పి పంపుతుంది. అలా తిరిగి వచ్చిన కలగలుపును మన కన్ను పూర్తిగా చదవదు. కంటి లోపలి తెర మీద రంగును పట్టే శంకు కణాలు మూడు రకాలే ఉన్నాయి; ఎంత చిక్కటి మిశ్రమం వచ్చి పడినా అవి మెదడుకు పంపేది మూడు కొలతలే. అందువల్ల రెండు వేరువేరు అద్దకాలు, రెండు వేరువేరు మిశ్రమాలను తిప్పి పంపినా, మూడు కొలతలూ సమానంగా వస్తే మనకు అవి ఒకే రంగుగా కనిపిస్తాయి. లోపలి పద్దులు వేరైనా రెండు లెక్కల పుస్తకాలలో చివరి మొత్తం ఒకటే వచ్చినట్లు. దీపం మారితే పద్దులు మారుతాయి, మొత్తాలు విడిపోతాయి. దీనిని శాస్త్రంలో మెటామెరిజం అంటారు. అమ్మ ఆ పేరు ఎన్నడూ వినలేదు, కానీ దానికి చేయవలసిన పరీక్షను మాత్రం సరిగ్గా చేసేది: దీపం మార్చి చూడడం.

అయితే అమ్మ మాటను నేను ఒకచోట సరిచేయవలసి వచ్చింది, అదీ ఆమె పోయిన చాలా ఏళ్ళకు. చీర రంగు బయట ఉంది అనేది ఆమె. బయట ఉన్నది కూడా చీర రంగు కాదు. సూర్యుడి వెలుతురులో కనిపించే చీర. ఉదయం ఏడింటికి అది ఒక చీర, మిట్టమధ్యాహ్నం ఇంకొక చీర, మబ్బు కమ్మినప్పుడు మరొక చీర. మరి అసలు రంగు ఏది? అసలు రంగు అనేది ఒకటి ఎక్కడో దాగి ఉంటుందని, దానిని పట్టుకోవడమే నా పని అని నేను చాలా ఏళ్ళు నమ్మాను. ఇప్పుడు నమ్మను. వెలుతురు, వస్తువు, చూసే కన్ను, ఈ మూడూ కలిసి చేసుకొనే ఒడంబడికనే మనం రంగు అంటున్నాము. మూడింటిలో ఏది మారినా ఒడంబడిక మారుతుంది. నగరంలో నేను బొమ్మలు వేస్తూ గడిపిన ఈ కాలంలో ఆ మూడింటిలో రెండు మారిపోయాయి. వెలుతురు మారింది. కన్ను ఉండవలసిన చోట చాలాసార్లు ఫోను వచ్చి కూర్చుంది. ఈ రెండు మార్పుల గురించే నేను మీతో మాట్లాడాలని వచ్చాను.

ముందు వెలుతురు. మా ఇల్లు మూడో అంతస్తులో ఉంది, బాల్కనీలోంచి నాలుగు రోడ్ల కూడలి ఒకటి కనిపిస్తుంది. దానిని నీటిరంగులతో నోటుపుస్తకంలో వేయడం నాకు చాలా ఏళ్ళ అలవాటు. ఏ గొప్ప ఉద్దేశమూ లేదు, చేయి ఆడించుకోవడానికి వేస్తాను. ఈ మధ్య పాత నోటుపుస్తకాలు వరుసగా పేర్చి చూసుకుంటే ఒక విషయం కనిపించింది. పాతవాటిలో రాత్రి బొమ్మలన్నీ నారింజ రంగులో ఉన్నాయి. ఆకులు నారింజ, రోడ్డు నారింజ, నిలబడ్డ మనుషులు ముదురు నారింజ. అవి సోడియం ఆవిరి దీపాల రోజులు. సోడియం దీపపు వెలుతురు ఎక్కువగా పసుపు, నారింజ భాగంలోనే గుమికూడి ఉంటుంది, సోడియం తనకే ప్రత్యేకంగా ఇచ్చే పసుపు వెలుతురు 589 నానోమీటర్ల దగ్గర ఉంటుంది. ఆ వెలుతురులో నీలం దాదాపు లేదు, లేని నీలాన్ని ఏ గుడ్డా తిప్పి పంపలేదు. అందుకే నీలం చొక్కా నల్లగా, ఎర్ర చీర మట్టి రంగులో కనిపించేవి. మా కూడలిలో పండ్ల బండి పెట్టుకొనే ఆయన వీధి దీపం నెత్తి మీదే ఉన్నా తన బండికి వేరుగా ఒక బల్బు వేలాడదీసుకొనేవాడు. ఇంత వెలుతురు ఉండగా ఆ బల్బు ఎందుకా అని నేను చాలాకాలం అనుకున్నాను. ఆపిల్ పండు ఎర్రగా కనిపించకపోతే ఎవరు కొంటారు? ఆయన తన సరుకు కోసం తన వెలుతురును తానే తెచ్చుకున్నాడు.

ఆ తరువాత ఎల్‌ఈడీ దీపాలు వచ్చాయి. నీలం వెలుతురు ఇచ్చే ఎల్‌ఈడీని సాధించినందుకు ఇసాము అకసాకి, హిరోషి అమానో, షూజి నకమురాలకు 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు. ఎరుపు, ఆకుపచ్చ ఎల్‌ఈడీలు అంతకు ఎన్నో ఏళ్ళ ముందు నుంచే ఉన్నాయి. నీలం లేకపోవడం వల్లనే తెలుపు రాలేదు. అదే ఏడాది అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని కుదిపేసింది, విరిగిపడ్డ వీధి దీపాల స్థానంలో ఆ నగరం ఎల్‌ఈడీలను నిలబెట్టుకుంది. 2015 జనవరిలో దేశమంతటా వీధి దీపాలను మార్చే కార్యక్రమం మొదలైంది, కొన్నేళ్ళకు మా కూడలికీ వంతు వచ్చింది. ఒక రాత్రి నారింజ రంగు బొమ్మ, ఆ తరువాతి వారం నుంచి నీలి తెలుపు బొమ్మ. నోటుపుస్తకంలో ఆ రెండు పేజీలు పక్కపక్కనే ఉన్నాయి. ఆ రోజు ఏమి జరిగిందో నేను ఎక్కడా రాసుకోలేదు, రాయవలసిన అవసరం కూడా లేకుండా రంగే చెబుతోంది.

నేను సోడియం దీపం కోసం కన్నీళ్ళు పెట్టుకొనే మనిషిని కాను. ఇది గట్టిగా చెప్పాలి, ఎందుకంటే చిత్రకారులు పాత వెలుతురును తలచుకొని నిట్టూర్చడం నేను తరచుగా వింటాను. రాత్రి పదింటికి పని ముగించుకొని నడిచి వచ్చే ఆడపిల్లకు ఎదురుగా వస్తున్న మనిషి ముఖం తెలుస్తోంది, చొక్కా రంగు తెలుస్తోంది. అది చిన్న విషయం కాదు. కరెంటు ఖర్చు తగ్గడం కూడా చిన్న విషయం కాదు. నా పట్టింపు వేరే చోట ఉంది.

ఇంట్లో వాడుకొనే తెల్ల ఎల్‌ఈడీ బల్బు లోపల నిజానికి ఉన్నది నీలం దీపం. దాని మీద పసుపు వెలుతురు ఇచ్చే ఒక పూత పూస్తారు. నీలంలో కొంత ఆ పూతను దాటి వస్తుంది, కొంత పూతలో పడి పసుపుగా మారుతుంది, రెండూ కలిసి మన కంటికి తెలుపు. మళ్ళీ అదే మూడు కొలతల లెక్క. తెలుపుగా కనిపించినంత మాత్రాన అందులో సూర్యుడి వెలుతురులో ఉన్నవన్నీ ఉన్నాయని కాదు. చవక బల్బులలో ఎక్కువగా కొరవడేది ముదురు ఎరుపు. బల్బు డబ్బా మీద సిఆర్‌ఐ అని ఒక మార్కు ఉంటుంది, నూటికి ఇన్ని అని. రంగులను ఆ దీపం ఎంత నమ్మకంగా చూపిస్తుందో చెప్పే మార్కు అది. పాత సోడియం వీధి దీపాలకు ఆ మార్కు సాధారణంగా పాతిక లోపే వచ్చేది, ఇప్పటి మంచి ఎల్‌ఈడీలకు ఎనభై దాటి వస్తుంది. బాగుంది కదా? అయితే ఆ మార్కు ఎలా వేస్తారో చూడండి. ఎనిమిది నమూనా రంగులను తీసుకొని, వాటి సగటు కడతారు. ఆ ఎనిమిదీ లేత రంగులు. చిక్కటి ఎరుపు నమూనా తొమ్మిదవది, అది సగటులో చేరదు. అంటే ఎనభై మార్కులు తెచ్చుకున్న దీపం కూడా ఎరుపులో తప్పి ఉండవచ్చు. లేత రంగులతో లోకం నింపుకున్నవారికి అది పెద్ద లోటు కాకపోవచ్చు. మన ఇళ్ళలో చిక్కటి ఎరుపు ఎక్కడెక్కడ ఉంది? నుదుటి కుంకుమ, గుమ్మానికి పెట్టిన బొట్టు, మిరపకాయ, మందారం, పెళ్ళిచీర అంచు. దేవుడి గదిలో చవక బల్బు వెలిగించి కుంకుమ గిన్నె వైపు చూడండి, ఆ తరువాత బల్బు ఆర్పి ప్రమిద వెలిగించి చూడండి. నూనె దీపంలో వెలుతురు తక్కువే కావచ్చు, కానీ ఉన్న ఆ కొంచెంలో ఎరుపు పాలు ఎక్కువ. కుంకుమ ఒక్కసారిగా లేచి కూర్చుంటుంది.

ఇది చెబుతుంటే చెర్యాల పటాలు, అంటే కథ చెప్పడానికి బట్ట మీద వేసే చుట్టల బొమ్మలు, గుర్తుకొస్తున్నాయి. మీలో చాలామంది చూసే ఉంటారు. ఆ పటాలలో బొమ్మల వెనుక నేలంతా ఎరుపు, కళ్ళు చెదిరే ఎరుపు. ఆ ఎరుపు ఎందుకని అడిగితే సంప్రదాయం అంటాము, అక్కడితో ఆగిపోతాము. కథ చెప్పేవారు దీపం ముందు పటం విప్పి చూపినప్పుడు ఆ ఎరుపు ఎలా వెలిగి ఉంటుందో నేను ఒకసారి ఇంట్లో నూనె దీపం పెట్టి పరీక్షించి చూశాను. నేల ముందుకు వచ్చింది, పసుపు, తెలుపు దాని మీద తేలాయి. ఆ కళాకారులు తమ దీపానికి తగిన రంగును ఎంచుకున్నారని నా ఊహ. ఊహే, రుజువు నా దగ్గర లేదు. కానీ ఎల్‌ఈడీ కింద గాజు పలక వెనుక వేలాడుతున్న పటాన్ని చూసి, ఇంత గాఢమైన రంగులు ఎందుకు వాడారో అని తీర్పు చెప్పేవారు ఆ పటాన్ని ఇంకా చూడలేదనే అంటాను.

ఇక ఫోను సంగతి. నేను ఫోనును ద్వేషించను. ఏ యంత్రం చేతికి వచ్చినా దాని లోపల ఏముందో తెలుసుకోకపోతే నాకు నిద్రపట్టదు. ఫోను కెమెరా లోపల గోరంత సిలికాన్ పలక ఉంటుంది, దాని మీద లక్షల, కోట్ల సూక్ష్మమైన గళ్ళు. ఆ గళ్ళకు రంగు తెలియదు. తమ మీద ఎంత వెలుతురు పడిందో మాత్రమే తెలుసు. అందుకని ఒక్కొక్క గడి మీద ఒక్కొక్క రంగు పొరను అమరుస్తారు. నాలుగు గళ్ళ చదరంలో రెండింటి మీద ఆకుపచ్చ, ఒకదాని మీద ఎరుపు, ఒకదాని మీద నీలం. కొడాక్ సంస్థలో పనిచేసిన బ్రైస్ బేయర్ ఈ అమరికకు 1976లో పేటెంటు పొందాడు, నేటి కెమెరాలలో చాలావరకు దాని వంశంలోవే. ఆకుపచ్చకు రెండు గళ్ళు ఎందుకు? మన కన్ను వెలుగునీడల తేడాను ఎక్కువగా ఆ భాగంలోనే పసిగడుతుంది కాబట్టి. ఇప్పుడు ఒక్క మాట శ్రద్ధగా వినండి. ఎరుపు పొర ఉన్న గడి ఎరుపును కొలుస్తుంది. అక్కడ ఆకుపచ్చ ఎంత ఉందో, నీలం ఎంత ఉందో ఆ గడికి తెలియదు. పక్క గళ్ళను అడిగి లెక్క కట్టాలి. ప్రతి గడిలోనూ ఇంతే. అంటే ఫొటోలో మీరు చూసే రంగులో మూడింట ఒక వంతు కొలిచినది, మూడింట రెండు వంతులు అంచనా కట్టినది. మూడింట రెండు వంతులు. నేను మొదటిసారి ఇది చదివిన రోజున ఫోనును బల్ల మీద పెట్టి చాలాసేపు దాని వైపు చూస్తూ కూర్చున్నాను.

అంచనా కట్టడం మోసమని నేను అనడం లేదు. మన చేతి పనులలో దీనికి దగ్గరి చుట్టం ఒకటి ఉంది. శ్రీకాళహస్తి కలంకారీ పని చూశారా? బట్టను ముందుగా కరక్కాయ, గేదె పాలు కలిపిన ద్రావణంలో నానబెట్టి ఆరబెడతారు. తుప్పు పట్టిన ఇనుప ముక్కలనూ బెల్లాన్నీ నీళ్ళలో వేసి, కుండలో చాలా రోజులు పులియబెట్టి కసిమి తయారు చేస్తారు. కలాన్ని ఆ కసిమిలో ముంచి బట్ట మీద గీత గీస్తే, కరక్కాయ వగరు, ఇనుము కలిసి ఆ గీత నల్లబడుతుంది. కుండలో అంత నలుపు లేదు, బట్ట మీదా లేదు, రెండూ కలిసినప్పుడే పుడుతుంది. ఎరుపు రావలసిన చోట పటిక నీళ్ళు పూస్తారు. పూసినప్పుడు అక్కడ ఎరుపు ఏమీ కనిపించదు. ఆ తరువాత మంజిష్ఠ వంటి వేర్లతో ఉడికించినప్పుడు పటిక పూసిన మేరకే ఎరుపు నిలుస్తుంది. కనిపించని రంగును కలంతో గీసి, ముందుముందు అది ఏమవుతుందో మనసులో చూసుకుంటూ పనిచేయడం ఎంత గొప్ప విద్యో ఆలోచించండి.

కెమెరా పట్టిన ముడి ఫైలు, అంటే గళ్ళు కొలిచిన లెక్కలను దిద్దకుండా దాచే ఫైలు, కూడా ఉడికించని బట్ట లాంటిదే. నేను ఒక ముడి ఫైలును కంప్యూటరులో అంచనాలేవీ కట్టకుండా తెరిచి చూశాను. గళ్ళు గళ్ళుగా, పాచి పట్టినట్లు ఆకుపచ్చగా, చీకటిగా ఉంది. దానిని ఉడికిస్తేనే ఫొటో అవుతుంది. తేడా ఎక్కడంటే, కలంకారీ కళాకారుడు ప్రతి దశలోనూ బట్ట పక్కనే ఉంటాడు. ఎరుపు ఎక్కువైతే తన పటికను తానే తగ్గించుకుంటాడు. ఫోనులో ఆ ఉడికించే పనిని, ఎక్కడో ఎవరో ముందే రాసిపెట్టిన సూత్రాలు రెప్పపాటులో చేసి చేతికిస్తాయి. నిర్ణయాలు జరిగాయన్న సంగతి కూడా మనకు తెలియదు. నా అభ్యంతరమంతా ఈ తెలియకపోవడం మీదనే. ఒక ఉదాహరణ చెబుతాను. ట్యాంక్‌బండ్ మీద సూర్యుడు దిగుతున్నప్పుడు వెలుతురు తేనె రంగులో ఉంటుంది. ఫోను ఆ దృశ్యాన్ని చూసి, ఇక్కడ దీపం మరీ పసుపుగా ఉంది, సరిచేద్దాం అనుకొని, ఆ తేనెలో కొంత తీసేస్తుంది. మీరు ఏ వెలుతురు కోసం ఆగి ఫొటో తీశారో దానినే పొరపాటనుకొని తుడిచేస్తుంది. నేను ఆ ఫొటో పెట్టుకొని ఇంట్లో బొమ్మ వేస్తే, సాయంత్రం బొమ్మ కాదు, ఫోను దిద్దిన సాయంత్రానికి నకలు అవుతుంది.

మన మెదడు కూడా ఇదే పని చేస్తుంది, ఆ మాట ఒప్పుకోవాలి. పసుపు బల్బు కింద తెల్ల కాగితం చదువుతుంటే మనకు అది తెల్లగానే తోస్తుంది, నిజానికి కాగితం నుంచి వచ్చేది పసుపు వెలుతురు. చిత్రకళ నేర్చుకొనేటప్పుడు మాకు మొదట వదిలించిన అలవాటు అదే: తెల్ల గోడ తెల్లగా ఉండదని చూడడం నేర్పారు. అందుకు నెలలు పట్టింది. ఫోనుకు ఆ శిక్షణ ఇచ్చే వీలు నా చేతిలో లేదు కానీ, నా కంటికి ఇచ్చే వీలుంది.

ఒక చిన్న కథ. 1861లో లండన్‌లో జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ అనే భౌతికశాస్త్రవేత్త ఒక గళ్ళ రిబ్బనును రంగులలో తెర మీద చూపించాడు. ఆ రిబ్బనును ఎరుపు, ఆకుపచ్చ, నీలం వడపోతల గుండా మూడుసార్లు ఫొటో తీయించి, ఆ మూడింటినీ అవే రంగుల వెలుతురుతో ఒకదాని మీద ఒకటి పడేటట్లు వేశాడు. రంగుల ఫొటోగ్రఫీకి అదే ఆరంభం. చిత్రం ఏమిటంటే, ఆనాటి ఫొటో పలకలకు ఎరుపు కనిపించదు. మరి ఎరుపు ఎలా వచ్చింది? నూరేళ్ళ తరువాత, 1961లో కొడాక్ పరిశోధకులు ఆ ప్రయోగాన్ని మళ్ళీ చేసి చూసి కారణం కనిపెట్టారు. రిబ్బనులోని ఎర్ర అద్దకం మన కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలను కూడా తిప్పి పంపింది, ఎరుపు వడపోత వాటిని వదిలిపెట్టింది, పలక వాటిని పట్టుకొని ఎరుపు స్థానంలో నింపింది. తెర మీద అందరూ చూసిన ఎరుపు అసలు ఎరుపు నుంచి వచ్చినది కానే కాదు! బొమ్మ బాగా వచ్చింది కాబట్టి అందులో ఏమి జరిగిందో నూరేళ్ళు ఎవరికీ తేలలేదు. అందుకే బొమ్మ చెడినప్పుడు కన్నా బాగా కుదిరినప్పుడు నేను ఫోనును ఎక్కువ ప్రశ్నలు అడుగుతాను.

ముద్రణలో నాకు ఇది ఇంకొక విధంగా అనుభవంలోకి వచ్చింది. ఒక క్యాలెండరు కోసం హుస్సేన్‌సాగర్ మీద చీకటి పడే వేళ బొమ్మ వేశాను, నీటికి గాఢమైన నీలం. అచ్చయి వచ్చేసరికి చెరువు వంగపండు రంగులో ఉంది. ప్రెస్సువారి మీద చాలా కోప్పడ్డాను. తరువాత తెలిసింది, కంప్యూటరు తెర వెలుతురుతో చూపించే కొన్ని నీలాలను నాలుగు సిరాల ముద్రణ అందుకోలేదు. దగ్గరి రంగును వెతుకుతూ ఊదా వైపు జరిగిపోతుంది. అప్పటి నుంచి కాగితం మీద నమూనా తీయించి, కిటికీ దగ్గర పట్టి చూసి కానీ సరే అనడం లేదు.

తెర అన్నాను కాబట్టి, పసుపు గురించి చెప్పకుండా ముందుకు పోలేను. మీ ఫోను తెర మీద పసుపుకొమ్ము బొమ్మ చూస్తే పసుపుగా కనిపిస్తుంది కదా? ఆ తెరలో పసుపు వెలుతురు ఇచ్చే చుక్కే లేదు. ఎరుపు చుక్క, ఆకుపచ్చ చుక్క కలిసి వెలిగితే కన్ను దానిని పసుపుగా తీసుకుంటుంది. పసుపుకూ ఆకుపచ్చకూ ఉన్న ఈ బంధుత్వం మన భాషకు ముందే తెలుసునేమో అనిపిస్తుంది నాకు. పచ్చ అనే మాట చూడండి. పచ్చగడ్డి ఆకుపచ్చ. పచ్చగన్నేరు పసుపు. పచ్చకామెర్లలో పచ్చ పసుపు. చేను పచ్చగా ఉందంటే ఆకుపచ్చ, పెళ్ళికూతురు పాదాలు పచ్చగా ఉన్నాయంటే పసుపు. విడిగా చెప్పవలసి వచ్చినప్పుడు ఆకుపచ్చ, పసుపుపచ్చ అంటాము. ఇది మాటల కరువు కాదు. మామిడికాయ పండే వారం రోజులు దానిని చూస్తూ కూర్చుంటే ఏ ఘడియలో ఆకుపచ్చ పోయి పసుపు వచ్చిందో మీరు చెప్పలేరు, ఆ దారి మొత్తానికీ కలిపి మనవారు ఒక పేరు పెట్టారు.

కంప్యూటరులో రంగుకు పేరు ఉండదు, సంఖ్య ఉంటుంది. మూడు రంగులకు ఒక్కొక్కదానికి 256 మెట్లు, మొత్తం 1,67,77,216 రంగులు. అంతటి భాండాగారంలో ఉల్లిపొర రంగు ఏ సంఖ్య? నేను వెతికాను. ఒకటి దొరకదు, ఎందుకంటే ఉల్లిపొర ఒక రంగు కాదు. వెలుతురును కొంత లోపలికి రానిచ్చి, కొంత ఆపి, వంగిన చోట మెరిసే ఒక పొర అది. నెమలికంఠం పట్టుచీరలో నిలువు పోగు ఒక రంగు, అడ్డపోగు ఇంకొక రంగు, మనిషి కదిలితే చీర రంగు కదులుతుంది. దానిని సంఖ్యలో నిలబెట్టడం ఎట్లా?

అన్నిటికన్నా నన్ను బాధించేది చామనచాయ. ఈ మాట మీద కొంచెంసేపు ఆగుతాను. ఫిల్ము రోజులలో ముఖాల రంగు సరిగా వస్తోందో లేదో చూసుకోవడానికి ప్రయోగశాలలలో షిర్లీ కార్డు అని ఒకటి వాడేవారు, దాని మీద ఒక తెల్లజాతి మహిళ ఫొటో ఉండేది. ఆమె చర్మం బాగా వచ్చిందంటే అంతా సరిగ్గా ఉన్నట్లు లెక్క. దశాబ్దాల పాటు అదే కొలమానం. మన పెళ్ళి ఆల్బమ్‌లలో అమ్మమ్మల ముఖాలు నల్లగా, వివరం లేకుండా మూసుకుపోయి ఉండడానికి ఫొటోగ్రాఫరు చేతకానితనం ఒక్కటే కారణం కాదు. ఇప్పుడు ఫిల్ము పోయింది. ఫోను వచ్చి ముఖాన్ని గుర్తుపట్టి, అడగకుండానే నున్నగా, తెల్లగా చేసి ఇస్తోంది. ఇది కూడా ఒక నిర్ణయమే, ఎవరో మన తరఫున తీసుకున్న నిర్ణయం. నేను చామనచాయ ముఖం వేసేటప్పుడు కింద పలచగా ఆకుపచ్చ మట్టిరంగు పూస్తాను. దాని మీద పసుపు మట్టిరంగు, కాల్చిన సియెన్నా పొరలు పొరలుగా వస్తాయి. కణతల దగ్గర, పెదవుల కింద కొంచెం నీలం. ఒక్క ముఖంలో ఎన్ని రంగులు! నా దగ్గర బొమ్మ వేయించుకోవడానికి ఒక అమ్మాయి తన ఫొటో పంపింది, ఆ తరువాత తానే వచ్చి కూర్చుంది. ఫొటోలో ఉన్న మనిషి, ఎదురుగా ఉన్న మనిషి ఒకరు కాదు. "కొంచెం తెల్లగా వేయండి మేడమ్, ఫొటోలో ఉన్నట్టు" అంది. నేను ఆమెను కుర్చీతో సహా కిటికీ దగ్గరికి జరిపి, గంటన్నర కూర్చోబెట్టి వేశాను. వేయడం అయ్యాక అద్దం ఇచ్చి, బొమ్మను పక్కన పెట్టాను. ఆమె అద్దంలోకీ బొమ్మలోకీ మార్చి మార్చి చూసుకుంది. బొమ్మ బాగుందనలేదు, బాగాలేదనలేదు. "నా గడ్డం కింద ఇంత ఆకుపచ్చ ఉంటుందా?" అని అడిగింది. ఉంటుంది. అది గోడ మీది నుంచి పడ్డ వెలుతురు. మా కిటికీ పక్క గోడకు ఆకుపచ్చ రంగు వేసి ఉంది.

మీరు విద్యార్థులు కాబట్టి నేను ఏమి చేస్తానో చెబుతాను, ఏమి చేయాలో మీరే తేల్చుకోండి. ఫోనులో ముడి ఫైలు తీసే వీలుంటే అదే వాడతాను. ఫొటో తీసే ముందు నోటుపుస్తకంలో మూడు మరకలు వేస్తాను: అక్కడి వెలుతురు రంగు, నీడ రంగు, అక్కడున్న తెల్లని వస్తువు రంగు. ఇంటికి వచ్చాక ఫొటోకూ మరకలకూ తగాదా వస్తే మరకల పక్షం వహిస్తాను. పని చేసుకొనే గదికి సిఆర్‌ఐ తొంభై దాటిన దీపాలు, ముదురు ఎరుపు మార్కు విడిగా చూసి కొన్నాను, కొంచెం ఖరీదే. అయినా బొమ్మ ముగించే ముందు దానిని ఎత్తుకొని బాల్కనీ గుమ్మం దాకా నడుస్తాను. పెద్ద బొమ్మలు మోయడం కష్టం, పక్కింటి అబ్బాయి ఒక చెయ్యి వేస్తాడు.

సమయం అయిదున్నర దాటింది. పడమటి వరండాలో ఇంకో పావుగంట వెలుతురు ఉంటుంది, ప్రశ్నలు అక్కడ అడుగుదురు గాని. ఈ గుడ్డముక్కలు తీసుకొని వెళ్దాం. మూడోదాని మీద మీకు అనుమానం లేదు. ఈ రెండు ముక్కలలో ఒకటి చెట్టుచేమల రంగులతో అద్దించినది, రెండోది మిల్లు గుడ్డ. ఈ హాలు ట్యూబులైట్ల కింద ఇవి ఒకటేనని మీరంతా ఒప్పుకున్నారు. గుమ్మం దగ్గర ముందు కంటితో చూడండి, మీకు కనిపించిన తేడాను ఒక్క మాటలో కాగితం మీద రాసుకోండి, ఆ తరువాతే ఫోనుతో తీయండి. ముందు వరుసవారు దయచేసి ఈ బల్లకు అటు చెయ్యి వేయండి. మెట్ల దగ్గర దీపం లేదు, చూసి నడవండి.